జంపఖానా ఎత్తండి

"అడుగు లేనిదే కథ లేదమ్మే. నా పీక మీద కత్తి పెట్టినా ఆ మాట మారదు" అని ఓబన్న తెగేసి చెప్పినాడు.

హనుమక్క కదల్లేదు. కుడి చేతిలో కర్ర, ఎడమ భుజాన తంబూర. దాన్ని దించమని ఆయన అప్పటికి రెండుసార్లు చెప్పినాడు. రెండుసార్లూ వినపడనట్టే నిలబడింది.

"దించు."

"దించను అయ్యవారూ. కథంతా నాకొచ్చు. మొదటి నుంచి కొస దాకా ఒక్క మాట జారకుండా చెప్తా. ఇంకెవరికొచ్చు ఈడ?"

"నీకే వచ్చు, ఎవరు కాదన్నారు? గొంతు కూడా నీదే. మిల్లు తిరుగుతాంటే దాని మీద నుంచి వినపడతాది నీ గొంతు. కానీ ముందు నిలబడి కథ చెప్పేదానికి గొంతొక్కటే సాలదు. ముందుకు మూడడుగులు, వెనక్కి మూడడుగులు వెయ్యల్ల. కాలి గజ్జె ఘల్లుమనల్ల. ఆ అడుగును పట్టుకోని పక్కన రెండు గుమ్మెటలు నడుస్తాయి. నీ కాలు ఈడ్చుకోని వస్తాది. ఈడ్చే కాలిని పట్టుకోని గుమ్మెట ఎట్ల నడుస్తాదమ్మే?"

ఓబన్న మాటలో విషం లేదు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. కౌతాళం ఆయనది. ముప్పై ఏండ్లుగా తుంగభద్రకు ఈ గట్టునా ఆ గట్టునా, తెలుగులో కొన్నాళ్ళు కన్నడంలో కొన్నాళ్ళు బుర్రకథలు చెప్పినోడు. యాభై దాటినా ఆయన అడుగేస్తే దుమ్ము లేచేది.

"ఒక పని చేద్దాం" అన్నాడు కొంచెం మెత్తబడి. "శాంతకుమారి ముందు నిలబడి అడుగేస్తాది, పెదాలాడిస్తాది. నువ్వు వెనక తెర చాటున కూర్చోని పాడు. జనానికి తేడా తెలీదు."

"తెర చాటున కూర్చునేదానికి నేనేం తప్పు చేసినాను?"

ఓబన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఆదోనిలో పత్తి మిల్లుల వెనక సందులో కార్మిక సంఘం వాళ్ళ రీడింగు రూము ఉండేది. దాని వెనక రేకుల షెడ్డు. ఒకప్పుడు పత్తి బోరాలు వేసేవాళ్ళు అందులో. కింద నాపరాతి బండలు, పైన ఎండకు పెళపెళమనే రేకులు. ఆ షెడ్డులో దినామూ సాయంత్రం ఏడుమంది పడుచువాళ్ళు బుర్రకథ నేర్చుకుంటాండారు. ఏడుగురిలో ఆరుగురికి కాలో, కన్నో, చెయ్యో లేదు. ఏడో మనిషి శాంతకుమారి. మిషను బడి పంతులు కూతురు. ఆ పిల్లకు అన్నీ ఉన్నాయి, ఓపిక కూడా ఉంది. చదువు రానోళ్ళకు కథ చదివి వినిపించి నోటికి పట్టించేది ఆమే.

ఈ బడి పెట్టింది సంఘం కార్యదర్శి ప్రభుదాసు. మిల్లులో చెయ్యి నలిగినోడు, జరమొచ్చి కాలు చచ్చుబడినోడు, కండ్లు పోయినోడు పోయి పోయి రైలు స్టేషను మెట్ల మీద కూర్చోవడం చూసి చూసి ఆయనకు మండింది. "చెయ్యి పోయినోడు చెయ్యి చాపల్లనని ఏ చట్టంలో రాసుంది?" అని అరిచి, కౌతాళం పోయి ఓబన్నను బతిమాలి తెచ్చినాడు. ఊరి పెద్దమనుషులు నవ్వినారు. కుంటోళ్ళకు ఆటలంట, గుడ్డోళ్ళకు పాటలంట అన్నారు. ఆ నవ్వినోళ్ళే ప్రతి శనివారం గుడి ముందర అదే కుంటోళ్ళకు పిడికెడు జొన్నలేసి పుణ్యం మూట కట్టుకునేవాళ్ళు. మనిషి అడుక్కుంటే దండం పెడతారు, నేర్చుకుంటే నవ్వుతారు. వాళ్ళ పద్ధతి అది.

హనుమక్కకు ఇరవై రెండేండ్లు. మూడో ఏట జరమొచ్చి కుడి కాలు సన్నబడిపోయింది. పగలంతా మిల్లులో గోడకు ముఖం పెట్టి కూర్చోని పత్తిలో చెత్త ఏరేది. పుట్టినప్పటి నుంచి జనం ఆమెకు చెప్పిన మాట ఒక్కటే, కూర్చో. ఇంట్లో కూర్చో, పనిలో కూర్చో, పెండ్లి పందిట్లో మూలకు కూర్చో. ఇప్పుడు కథ నేర్పిన అయ్యవారు కూడా అదే మాట. కూర్చోని పాడు.

ఆమెకు కావాల్సింది ఒక్కటే. ముందర నిలబడల్ల. తంబూర భుజాన వేసుకోని, నలుగురి ముఖాలు చూసుకుంటా, తన కథ తాను చెప్పల్ల.

ఆ దినం ఓబన్న పోయినాక షెడ్డులో ముగ్గురే మిగిలినారు. గుమ్మెటలు వాయించే ఇద్దరూ ఆమె జతగాళ్ళు. ఇస్సాకుకు రెండు కండ్లూ లేవు. మారెప్పకు ఎడమ చెయ్యి మోచేతి దాకానే ఉంది, మిగతాది పదిహేడో ఏట పత్తి గింజ తీసే జిన్ను రోలరు మింగింది. గుమ్మెటంటే మట్టి కుండ లాంటిది. ఒక మూతికి తోలు బిగిస్తారు, రెండో మూతి తెరిచుంటాది. ఒక చేత్తో తోలు మీద కొడతా, రెండో చేత్తో ఆ తెరిచిన మూతి మూస్తా తీస్తా ఉంటే గుమ్మెట మాట్లాడతాది. మారెప్ప మొండి చేత్తోనే మూతి మూసేవాడు. అరచెయ్యి ఉన్నోళ్ళకంటే బాగా సరిపోయేది. "నా చెయ్యి గుమ్మెట కొలతకే కోసింది మిల్లు" అనేవాడు నవ్వతా.

"ఏడస్తాండావా మే?" అన్నాడు ఇస్సాకు.

"నీకెట్ల కనపడింది?"

"కర్ర. కోపమొస్తే నీ కర్ర బండ పగలగొడతాది. బాగుంటే టిక్కుటిక్కుమంటాది. ఏడిస్తే అసలు సప్పుడే రాదు. పొద్దున సందు మొదట్లో నువ్వు తిరుగుతాంటేనే ఈ పొద్దు నీకు ఎట్లుందో నేను మారెప్పకు చెప్తా."

"అవును" అన్నాడు మారెప్ప. "ఈ పొద్దు దూరం ఉండమన్నాడు."

హనుమక్క నవ్వలేదు. కర్ర ఎత్తి బండ మీద ఒక దెబ్బ కొట్టింది. ఠంగుమంది. ఇంకోటి కొట్టింది. ఇస్సాకు చెయ్యి తనంతట తానే గుమ్మెట మీదకు పోయింది.

"మళ్ళీ కొట్టు."

మూడు కొట్టింది. ఆపింది. మూడు కొట్టింది. ఇస్సాకు గుమ్మెట ఆ మూడింటినీ పట్టుకోని నడిచింది.

"మారెప్పా" అంది హనుమక్క, "ఆ గజ్జెల పట్టీ ఈడికి తే. కాలికి కాదు, కర్రకు కట్టల్ల."

చెప్పినంత సులువుగా కాలేదు. గజ్జెలు పైన కడితే చేతికి గుచ్చుకునేటివి, కింద కడితే బండకు తగిలి రాలిపోయేటివి. జానెడు ఎత్తున, పాత సైకిలు ట్యూబు ముక్కతో బిగించినారు. తంబూర జారకుండా అడ్డంగా గుడ్డ కట్టుకోని, ఎడమ చేతి వేళ్ళతోనే తంతి మీటుకోవడం నేర్చుకుంది. కర్ర ముందు పడల్ల, దాని వెనక మంచి కాలు, దాని వెనక ఈడ్చే కాలు. మూడు సప్పుళ్ళు. ఠంగు, ధబ్, సర్ర్. ఈడ్చే కాలి సప్పుడును దాచలేదు. అది మూడో దెబ్బ అయింది. వెనక్కి పోయేటప్పుడు ఎన్నోసార్లు పడింది. మోకాలు చిట్లింది. చంక కింద పుండు పడింది. మిల్లులో పక్కన కూర్చునే సంతోషమ్మ ఆ పుండు చూసి, "ఎవరి మెప్పు కోసరం మే ఇదంతా?" అని తిట్టి, ఆముదం రాసింది.

పద్దెనిమిదో దినం ఓబన్నను గోడ వారగా కూర్చోబెట్టి చూపించినారు. కర్రకు గజ్జెలు చూసి ఆయన మొదట పకపక నవ్వినాడు. హనుమక్క ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, తర్వాత మొదలుపెట్టింది.

ఏడు మైళ్ళ ఎండలోన నడిచి వచ్చె తిమ్మక్క
తందాన తాన
ఖాళి ముంత చంకనెట్టి కదలి వచ్చె తిమ్మక్క
తందాన తాన

నాలుగేండ్ల కింద కరువులో గంజి కేంద్రాలు పెట్టినారు కదా, ఆ కాలం కథ అది. ముసలోళ్ళకు ముందు పొయ్యకపోతే లెయ్యనని గంజి కుండ ముందర కూర్చున్న తిమ్మక్క అనే కూలిమనిషి కథ. ఓబన్న కట్టిందే. తాను కట్టిన కథ తనకే కొత్తగా వినపడింది ఆయనకు. కథ సగానికి వచ్చేసరికి ఆయన కాలు బండ మీద తాళం వేస్తాంది.

అయినా మనిషి మొండి. కథ అయినాక తువ్వాలుతో ముఖం తుడుచుకోని, "ఇది నా గురువు నేర్పిన అడుగు కాదు" అన్నాడు.

"మీ గురువుకు రెండు కాళ్ళున్నాయి కదా అయ్యవారూ" అన్నాడు ఇస్సాకు.

"నోర్ముయ్ రా. సరే. ఉగాది అయినాక ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో మన కథ పెట్టించుకుంటాండారు. ఆడ నువ్వే ముందు నిలబడు. కానీ మా తావ ఒక కట్టు ఉంది, విను. కథ నడిమధ్యలో తాళం చెదిరి ఆగిపోతే కథ తెగిందంటాం. తెగిన కథను ఆ నోటితో మళ్ళీ ఎత్తకూడదు. తంబూర గురువు చేతికి ఇచ్చేయల్ల. నేనూ ఇచ్చినాను ఒకసారి, ఆలూరులో. ఎమ్మిగనూరులో కథ తెగితే తంబూర శాంతకుమారి భుజానికి పోతాది. నువ్వు తెర చాటుకు పోతావు. ఆ మీదట నాతో వాదించకూడదు. మాటేనా?"

"మాటే" అంది హనుమక్క.

ఉగాది అయిన మూడో ఆదివారం పొద్దున్నే బస్సెక్కినారు. ఎక్కేటప్పుడు కండక్టరు ఇస్సాకును, మారెప్పను, కర్రమీద హనుమక్కను చూసి, "యాడికప్పా జాతర? అడుక్కునేదానికి ఈ ఊరు సాల్లేదా?" అన్నాడు.

"సాల్లేదన్నా" అన్నాడు మారెప్ప. "ఈడ నీలాంటోళ్ళు వినేది లేదు. ఎమ్మిగనూరులో చెవులున్నోళ్ళు ఉండారంట, కథ చెప్పేదానికి పోతాండాం."

బస్సులో నవ్వులు. కండక్టరు కూడా నవ్వినాడు. దారి పొడుగునా రెండు పక్కలా కోసేసిన జొన్న చేన్లు, ఎండకు నెర్రెలిచ్చిన నల్ల రేగడి. హనుమక్క కిటికీ తట్టు తిరిగి పెదాలు కదిలిస్తా కథ నెమరు వేసుకుంటా కూర్చుంది. ఎక్కడా తట్టుకోలేదు.

నేతగాళ్ళ వీధిలో మగ్గాలన్నీ ఆ దినం ఆపినారు. వీధి పెద్ద ఇంద్రసేనయ్య ఎదురొచ్చినాడు. సన్నగా పొడుగ్గా, నూలు పోగు మాదిరి ఉంటాడు. మంచి మనిషి. మంచితనం ఒక్కోసారి ఎంత ముప్పు తెస్తాదో ఆయనకు తెలీదు. ఆ మాటకొస్తే ఆ దినం ఎవరికీ తెలీదు.

మండపం ముందర నడుమెత్తు రాతి అరుగు ఉంది. కథకు మంచి తావు. దాని మీద మూడు కొత్త జంపఖానాలు ఒకదాని మీద ఒకటి పరిచినారు. ఎర్ర చారలు, నీలం చారలు, చెయ్యి పెడితే మునిగిపోయేంత మందం. ఆ వీధిలోనే నేసినవి.

"నేనే నేసినా పైది" అన్నాడు ఇంద్రసేనయ్య. "పెద్ద పెద్ద ఆఫీసర్లొస్తేనే తీస్తాం. పాపం, పిల్లలు పడతారేమో, దెబ్బ తగులుతాదేమో అని మా ఆడోళ్ళు అంటే, మూడూ పరిపించినా."

ఓబన్న పొంగిపోయినాడు. ముప్పై ఏండ్లలో ఆయనకు ఎవరూ జంపఖానా పరచలేదు. మారెప్ప దాని మీద దొర్లి చూసినాడు. ఇస్సాకు కాలితో తడిమి, "పరుపు మీద కథ! మా నాయన పెండ్లికి కూడా ఇంత మెత్తన లేదు" అన్నాడు. హనుమక్క కూడా మురిసింది. నలభై దినాలు ఒక్క షెడ్డులోనే, ఒక్క బండ మీదనే నేర్చుకున్నోళ్ళు వాళ్ళు. ఇంకో నేల ఎట్లుంటాదని ఒక్కరికీ తోచలేదు. అడుగు నేర్చుకున్నాం అనుకున్నారే గానీ, ఆ అడుగులో సగం బండదని తెలీలేదు.

సాయంత్రం ఎండ వాలగానే జనం చేరినారు. ఆడోళ్ళు ఒక తట్టు, మగోళ్ళు ఒక తట్టు. నాలుగైదు వందలుంటారు. ప్రభుదాసు వెనకాల గోడకు ఆనుకోని నిలబడినాడు. శాంతకుమారి అరుగు పక్కన కూర్చుంది. ఓబన్న అరుగు కిందనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

దేవుని పాట బాగా సాగింది. అది నిలబడి పాడేదే. హనుమక్క గొంతు వీధి కొసదాకా పోయింది. మిద్దెల మీద ఉన్నోళ్ళు కూడా వంగి చూసినారు. దండాలు అయినాయి. కథ ఎత్తుకుంది. మొదటి అడుగు వేసింది.

కర్ర దిగింది. సప్పుడు రాలేదు.

ఏదో కొట్టినట్టు కూడా లేదు. మెత్తటి నూలు కర్రను మింగేసింది. గజ్జెలు సన్నగా గలగలమన్నాయి, అంతే. ధబ్ అనాల్సిన కాలు దూదిలో పడినట్టు పడింది. సర్ర్ అనాల్సిన కాలు చారలకు తట్టుకుంది. హనుమక్క ఇంకా గట్టిగా కొట్టింది. అదే మెత్తన.

ఇస్సాకు ముఖం ఎత్తినాడు. తల ఇటు తిప్పినాడు, అటు తిప్పినాడు. ఆమె యాడుందో తెలీలేదు. ఒక అడుగు అందాజుగా వాయించినాడు. అది ముందుగా పడింది. దాన్ని సర్దేదానికి మారెప్ప నిదానించినాడు. అప్పటికి ఇస్సాకు ఇంకో తావ ఉన్నాడు. రెండు గుమ్మెటలూ సంతలో తప్పిపోయినోళ్ళ మాదిరి ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. మూడు చరణాలు ఈడ్చింది హనుమక్క. నాలుగో చరణం కాడ ఇస్సాకు చెయ్యి ఆగిపోయింది.

అంతా ఆగిపోయింది.

జనంలో నవ్వు రాలేదు. నవ్వు వచ్చుంటే బాగుండు. వచ్చింది వేరేది. ఆడోళ్ళ తట్టు నుంచి, ముందు ఒకరు, తర్వాత పదిమంది. "పాపం." "అయ్యో పాపం." "కండ్లు లేనోనికి ఎట్ల తెలుస్తాది?" ఎవరో మంచి మనసుతో సప్పట్లు కొట్టినారు. ఒక ముసలామె లేచి, "సాల్లే తల్లీ, ఎంత కష్టపడితివి. కూర్చో, కూర్చోని ఒక దేవుని పాట పాడు" అంది.

ఓబన్న లేచి నిలబడినాడు. ముఖం నల్లబడిపోయింది. చెయ్యి చాపినాడు.

"తే అమ్మే తంబూర."

హనుమక్క ఆ చెయ్యిని చూసింది. ఆయన కండ్లలో నీళ్ళు కనపడినాయి. ఇవ్వడమే మర్యాద. మాట ఇచ్చింది కూడా. ఆమె వేళ్ళు భుజం మీద గుడ్డ ముడి కాడికి పోయినాయి.

మళ్ళీ ఇస్సాకును చూసింది. వాడు తల వంచుకోని, తప్పంతా తనదేనన్నట్టు గుమ్మెటను ఒళ్ళో దాచుకుంటాండాడు. బడికి రాకముందు మూడేండ్లు స్టేషను మెట్ల మీద ఎట్ల కూర్చున్నాడో అట్ల కూర్చున్నాడు.

హనుమక్క వేళ్ళు ముడిని వదిలేసినాయి.

కర్రను జంపఖానా అంచు కిందకు దూర్చింది. బలమంతా పెట్టి పైకి లేపింది. మూడు పొరలూ మడత పడి వెనక్కి పోయినాయి. కింద రాయి కనపడింది. ఆ రాయి మీద కర్రెత్తి కొట్టింది.

ఠంగ్!

ఇస్సాకు తల చివ్వున లేచింది. గుమ్మెట మీద ఒక్క దెబ్బ పడింది, సరిగ్గా దాని వెనకనే.

"విన్నారా?" అంది జనాన్ని చూసి. "అదీ మా అడుగు. వీనికి కండ్లు లేవు, చెవులున్నాయి. నా కర్ర సప్పుడు విని వాయిస్తాడు. వీడు తప్పు వాయించలేదు. మీరు మా అడుగు మీద పరుపేసినారు. జంపఖానా ఎత్తండి."

ఎవరూ లేవలేదు. ఇంద్రసేనయ్య అరుగు దగ్గరికి వచ్చినాడు. మనసు నొచ్చుకుంది ఆయనకు. ఎవరికైనా నొచ్చుకుంటాది.

"అదేంది తల్లీ, మీ కోసరమే వేసినాం కదా. రాయి మీద జారితే? పడితే?"

"పడతాను పెద్దాయనా. నలభై దినాల్లో నాలుగుసార్లు కాదు, నలభైసార్లు పడినా. పడితే లేస్తా. మీకు మేం పడకుండా ఉండల్లనా, కథ చెప్పల్లనా? రెండూ అడిగితే నాతో కాదు."

"అంత మంచి జంపఖానా..." అని ఎవరో వెనక గొణిగినారు.

"మంచిదే. ఇంత మంచిది నేను కండ్లతో చూడలేదు" అంది హనుమక్క. "ఒక మాట చెప్పండి. మీ మగ్గంలో పోగు తెగితే మీకెట్ల తెలుస్తాది? ప్రతి పోగూ చూస్తారా?"

ఇంద్రసేనయ్య ఊరికే ఉండలేకపోయినాడు. పని సంగతి అడిగితే ఏ పనోడూ ఊరికే ఉండలేడు. "చూసేదేముంది? సప్పుడు మారతాది. మగ్గం సప్పుడు మారితే నిద్రలో ఉన్నా తెలుస్తాది."

"మీ మగ్గం చుట్టూ పరుపులు కట్టి, సప్పుడు రాకుండా చేసి, పాపం నేతగాడు అలిసిపోతాడు అని నేను చెప్తే నేస్తారా?"

జనంలో ఎవరో మగమనిషి పెద్దగా నవ్వినాడు. "తంతాడు!" అన్నాడు ఇంకొకడు. ఇంద్రసేనయ్య తల గీరుకున్నాడు. పంచె ఎగ్గట్టి అరుగు ఎక్కినాడు. ఎవరినీ పిలవలేదు. తాను నేసిన జంపఖానాను తానే చుట్టడం మొదలుపెట్టినాడు. శాంతకుమారి రెండో కొస పట్టుకుంది.

ఓబన్న మాత్రం చాపిన చెయ్యి దించలేదు.

"హనుమక్కా. కథ తెగింది. మా కట్టు నీకు చెప్పినా. మాట ఇచ్చినావు."

"ఇచ్చినా అయ్యవారూ. కాదనను. కానీ ఆ కట్టు పెట్టినోళ్ళు రెండు కాళ్ళ మీద నిలబడి పెట్టినారు. వాళ్ళ అడుగును ఎవరూ పరుపు కింద దాచలేదు. ఆలూరులో మీ కథ తెగినప్పుడు తప్పు మీదా, నేలదా?"

"నాదే. తాగి ఉన్నా."

"చూసినారా మరి. నేను తాగలేదు."

ఈసారి వీధి వీధంతా నవ్వింది. ఓబన్నకు కూడా మీసం కింద ఏదో కదిలింది, అణుచుకున్నాడు. చాపిన చెయ్యిని ఏం చెయ్యాలో తెలీక దాంతో గడ్డం తడుముకున్నాడు.

"నడిమధ్యలో నుంచి ఎత్తితే ఒప్పుకోను" అన్నాడు కడాకు. "దేవుని పాట నుంచి ఎత్తు. అంతా మళ్ళీ మొదట్నుంచి. తెగిన కథకు అతుకు వెయ్యనిచ్చేది లేదు."

"పొద్దు పోతాదేమో ఓబన్నా" అన్నాడు ఎవరో.

"పోనీ. కూర్చోండి గమ్మున."

మళ్ళీ మొదలైంది. ఈసారి జనం ముందుకు జరిగినారు. ఏం వింటారో తెలిసి వింటాండారు. కర్ర రాతి మీద పడినప్పుడల్లా మిద్దెల గోడలు తిరిగి పలికినాయి. ఠంగు, ధబ్, సర్ర్. ఇస్సాకు ముఖం మీద చెమట, చెమట కింద నవ్వు. మారెప్ప మొండి చెయ్యి గుమ్మెట మూతి మీద మూస్తా తీస్తా ఉంటే అది ముసలోడి మాదిరి మూలిగింది, గంజి పోసే వంటోడి మాదిరి కసిరింది. మధ్యలో మారెప్ప, "అక్కా, ఆ గంజిలో మెతుకులుండాయా?" అని అడిగితే, ఇస్సాకు, "నాకు కనపడలేదప్పా, నీకు కనపడినాయా?" అన్నాడు. కరువు చూసిన జనం అది. కండ్లు తుడుచుకుంటా నవ్వినారు.

గంజి కుండ కాడికి వచ్చేసరికి, వెనక్కి అడుగేస్తా హనుమక్క జారింది. రాయి నున్నన. కర్ర చేతిలో నుంచి ఎగిరిపోయింది. పక్కకు పడింది, మోచెయ్యి రాతికి కొట్టుకున్న సప్పుడు ఆఖరి వరస దాకా వినపడింది.

నాలుగు వందల మంది ఒక్కసారి లేవబోయినారు. ఇంద్రసేనయ్య చుట్టిన జంపఖానా భుజాన పెట్టుకోని పక్కనే నిలబడినాడు, దాన్ని పారేసి ఉరకబోయినాడు. హనుమక్క కింద నుంచే చెయ్యెత్తి ఆపింది. నోరు ఆగలేదు. చరణం ఆగలేదు. అరచేత్తో రాయిని కొట్టింది. ఒకటి, రెండు, మూడు. ఇస్సాకు ఆ అరచేతిని పట్టుకున్నాడు. సప్పుడు మారిందని తెలుసు వానికి, పడిందనీ తెలుసు. గుమ్మెట ఆపలేదు. అరచేత్తో తాళం వేసుకుంటా, తుంటి మీద జరుక్కుంటా, పాడుతా పోయి కర్ర అందుకుంది. నిలబడేదానికి రెండు చరణాలు పట్టింది. ఆ రెండు చరణాల్లో "పాపం" అని ఒక్కరూ అనలేదు.

తిమ్మక్క గంజి కుండ ముందర గెలిచేసరికి వీధిలో దీపాలు పెడతాండారు. మంగళం పాడినారు. జనం లేచి వెంటనే పోలేదు. ఒకరిద్దరు గుమ్మెటను ముట్టుకోని చూసినారు. ఇందాక కూర్చోమన్న ముసలామె వచ్చి, కర్రకున్న గజ్జెలు వేలితో కదిపి, "మా మనవరాలికీ కాలు ఇంతే. ఆదోనిలో యాడ మీ బడి?" అని అడిగింది. ప్రభుదాసు దారి చెప్పినాడు, సందు గుర్తు చెప్పినాడు, ఏ దినం వచ్చినా సాయంత్రం రమ్మన్నాడు.

ఓబన్న అందరూ పోయేదాకా అరుగు కొసన కూర్చునే ఉన్నాడు. హనుమక్క తంబూర దించి ఆయన ముందర పెట్టింది. మోచెయ్యి నుంచి నెత్తురు కారుతాంది. ఆయన తన తువ్వాలు చించి దానికి కట్టినాడు. తంబూర మాత్రం ముట్టుకోలేదు.

"వెనక్కి వేసేటప్పుడు బరువంతా కర్ర మీద వేస్తాండావు. అందుకే జారింది" అన్నాడు. "రేపు సరి చేద్దాం."

"రేపు షెడ్డులో వద్దు అయ్యవారూ."

"మరి యాడ?"

"ఊరి బయట రేగడిలో. ఆ మీదట ఇసకలో. ఆ తర్వాత ఎద్దుల బండి మీద. అన్ని ఊర్లలో బండలుండవు."

"రేగడిలో కర్ర దిగబడతాది కదమ్మే."

"దిగబడితే పీకి ఇంకో తావ కొడతా" అంది హనుమక్క.